ఇంటి నుంచి డబ్బు ఆగిపోయిన తోటి విద్యార్థికి ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను హైదరాబాద్‌లో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో మొదటి సంవత్సరంలో సూడాన్ నుంచి వచ్చిన ఇద్దరు అబ్బాయిలు ఉన్నారు. వాళ్ల దేశంలో యుద్ధం వల్ల ఇంటి నుంచి డబ్బు రావడం తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఒకరి కుటుంబం ఈజిప్టులో తలదాచుకుంటోంది. ఇంకొకరికి ఇంటి కబురే సరిగా అందడం లేదు. ఇద్దరికీ ఫీజు బకాయి ఉంది. ఒకరు మా హాస్టల్‌లోనే ఉంటారు. రెండో అతను టోలీచౌకిలో గది అద్దె కట్టలేక స్నేహితుల దగ్గర సర్దుకుంటున్నాడు. మేమంతా కలిసి 1,18,000 రూపాయలు పోగు చేశాం. చెరి సగం ఇచ్చేద్దామని కొందరంటున్నారు. స్టేజీ మీద చెక్కు ఇస్తే ఇంకా చందాలు వస్తాయని ఇంకొందరు. మన దగ్గరే ఫీజు కట్టలేని పిల్లలు ఇంతమంది ఉంటే వీళ్లకెందుకని మరికొందరు. అమెరికాలో ఉన్న మా సీనియర్లు కూడా పంపుతామంటున్నారు. మా హాస్టల్‌లో 240 మందిమి ఉంటాం, మెస్ బిల్లు నెలకు 3,500 దాకా వస్తుంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇదివరకు యుద్ధాలప్పుడు ఇలాంటి విద్యార్థులకు డబ్బు ఎలా సమకూర్చారు? మేం ఏం చేస్తే మంచిది?
– ఒక పీజీ విద్యార్థి, హైదరాబాద్

సమాధానం:

బాబూ, ముందు మీ టెన్షన్ కొంత తగ్గించే మాట చెబుతాను. విద్యార్థులే విద్యార్థుల కోసం ఈ పని చేయడం నూరేళ్లకు పైగా సాగుతోంది. ఏది నిలుస్తుందో, ఏది రెండు నెలల్లో ఆవిరైపోతుందో వాళ్ల అనుభవం చూస్తే తెలుస్తుంది. దాన్ని బట్టే నా జవాబు ముందే చెప్పేస్తున్నాను. చెరి సగం ఇవ్వకండి. స్టేజీ అసలే వద్దు. ఆ 1,18,000ను పంచిపెట్టే సొమ్ము అనుకోకుండా, ఈ ఇద్దరూ పట్టా చేతికొచ్చేదాకా చదువు మానకుండా చూసే నిధికి మొదటి జమ అనుకోండి. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య మొదలైన పోరు ఏళ్లకు పాకింది. ఇంత పొడుగు కష్టానికి ఒక్క రోజు చందా చాలదు.

ఇప్పుడు మీరడిగిన చరిత్ర. కొంచెం వివరంగానే చెబుతాను, మీకు కావలసిన లెక్కంతా అందులోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వియన్నాలో విద్యార్థులు ఆకలితో, చలితో అల్లాడుతున్నారని 1920లో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్యలో పనిచేసే రూత్ రౌస్ అనే ఆవిడ స్వయంగా చూసి దేశదేశాల విద్యార్థులకు విజ్ఞప్తి పంపారు. ఆ ఏడాదే యూరోపియన్ స్టూడెంట్ రిలీఫ్ అనే సంస్థ పుట్టింది. నిన్నటి దాకా శత్రువులుగా ఉన్న దేశాల విద్యార్థులు కూడా చందాలు పంపారు. జాతి, దేశం, మతం చూడకుండా అవసరం ఒక్కటే చూసి సాయం చేయాలని నియమం పెట్టుకున్నారు. విప్లవం తర్వాత దేశం విడిచిన రష్యన్ విద్యార్థులకు చెకోస్లొవేకియా ప్రభుత్వమే 1921 నుంచి ఖర్చు పెట్టి ప్రాగ్‌లో చదివించింది. అలా ప్రైవేటు చందా, ప్రభుత్వ డబ్బు అప్పుడు పక్కపక్కనే నడిచాయి.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది చైనా గురించి.

1937 జులైలో జపాన్ పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టింది. నెలాఖరుకు తియాన్‌జిన్‌లోని నాన్‌కాయ్ విశ్వవిద్యాలయం మీద బాంబులు కురిశాయి. పెకింగ్, చింగ్‌హువా, నాన్‌కాయ్, ఈ మూడు విశ్వవిద్యాలయాలూ దక్షిణాన చాంగ్‌షా నగరానికి తరలి ఒకటిగా తరగతులు నడిపాయి. యుద్ధం అక్కడికీ దగ్గరపడింది. 1938 ఫిబ్రవరిలో మళ్లీ బయల్దేరారు, ఈసారి నైరుతి మూలన ఉన్న కున్‌మింగ్‌కు. కొందరు హాంకాంగ్ మీదుగా ఓడలో వియత్నాం రేవు హైఫాంగ్ చేరి అక్కడి నుంచి రైలెక్కారు. సుమారు 300 మంది విద్యార్థులు, 11 మంది ఉపాధ్యాయులు మాత్రం 68 రోజుల పాటు దాదాపు 1,600 కిలోమీటర్ల దారి పట్టారు, అందులో చాలా భాగం కాలినడకనే. వాళ్ల తిండి, బస ఖర్చు విశ్వవిద్యాలయమే పెట్టుకుంది. అలా చేరుకున్నాక అది నైరుతి సంయుక్త విశ్వవిద్యాలయమై 1946 దాకా నడిచింది.

చేరడమైతే చేరారు. తినడానికి డబ్బెక్కడిది? ఇళ్లేమో జపాన్ సైన్యం చేతిలో ఉన్న ఊళ్లలో. మనీయార్డర్ రాదు, ఉత్తరం రాదు. మీ స్నేహితుల పరిస్థితి సరిగ్గా ఇదే. అప్పుడు చైనా విద్యాశాఖ యుద్ధప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులకు నెలనెలా అప్పు ఇచ్చే పథకం పెట్టింది. అర్హత ఒకటే: ఇంటి నుంచి వచ్చే ఆధారం తెగిపోవడం. ఆ పథకం లేకపోతే వేలమంది చదువు అక్కడితో ఆగేది. అయితే ధరలు పెరగడం మొదలైంది, ఆగలేదు. మొదట్లో నెల తిండికి సరిపోయిన మొత్తం కొన్నాళ్లకు వారానికీ చాలలేదు. చివరికి బియ్యం ధరను బట్టి సాయం లెక్కగట్టాల్సి వచ్చింది. మెస్‌లో పెట్టే అన్నంలో ఇసుక, పొట్టు, ఎలుక పెంటికలు కలిసి ఉండేవి. దానికి విద్యార్థులు ‘అష్టరత్నాల అన్నం’ అని పేరు పెట్టుకుని తిన్నారు. తరువాత ప్రభుత్వం ఆ అప్పు పద్ధతి తీసేసి ఉచిత సాయంగా మార్చింది.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. సాయం మాట ఇచ్చేటప్పుడు ‘నెలకు ఇన్ని రూపాయలు’ అని ఇవ్వకండి. ‘రెండు పూటలా మెస్ భోజనం’ అని ఇవ్వండి. మెస్ బిల్లు 3,500 నుంచి 4,200కు పెరిగినా వాళ్ల కంచంలో తేడా రాకూడదు.

ప్రభుత్వ డబ్బు చాలని చోట విద్యార్థుల డబ్బు వచ్చింది. చైనాలో వైఎంసీఏ, వైడబ్ల్యూసీఏ అనే క్రైస్తవ యువజన, యువతీ సంఘాల వాళ్లు జాతీయ విద్యార్థి సహాయ కమిటీ పెట్టి భోజనం, మందులు, ఉండే చోటు చూశారు, చేయగలిగినవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చారు. అమెరికాలో 1937లోనే దూరప్రాచ్య విద్యార్థి సేవా నిధి మొదలైంది. యూరప్‌లోనూ యుద్ధం వచ్చాక అదే ప్రపంచ విద్యార్థి సేవా నిధి అయింది. వియన్నా కోసం పుట్టిన సంస్థ ఈపాటికి జెనీవాలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ సర్వీస్ పేరుతో ఉంది. కాలేజీల్లో పోగైన చిన్న చిన్న మొత్తాలు ఈ దారుల గుండా చైనా మెస్‌ల దాకా చేరాయి.

ఈ కథలో మనసుకు కష్టం కలిగించే లెక్క కూడా ఉంది, అది దాచిపెట్టడం నాకిష్టం లేదు. ఆ విశ్వవిద్యాలయంలో మొత్తం మీద సుమారు 8,000 మంది చేరితే పట్టా అందుకున్నవాళ్లు 4,000 లోపే. అందరూ డబ్బు లేకే ఆగిపోయారనలేం. 800 మందికి పైగా సైన్యంలో చేరారు, కొందరు వేరే చోట్లకు వెళ్లిపోయారు. కానీ సగం మందికి పైగా చదువు అక్కడ పూర్తి కాలేదు, అన్ని నిధులు ఉండి కూడా. మరోపక్క అదే చోట చదివిన యాంగ్ చెన్ నింగ్, ట్సుంగ్ దావ్ లీలకు 1957లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. లీ అయితే ముందు, ఇలాగే యుద్ధం వల్ల చోటు మారిన మరో విశ్వవిద్యాలయంలో చేరి, యుద్ధం అక్కడికీ రావడంతో మళ్లీ తరలి కున్‌మింగ్ చేరినవాడు. నోబెల్ సంగతి చెప్పింది మీ స్నేహితులు అంతవాళ్లు అవ్వాలని కాదు. మామూలు డిగ్రీతో, మామూలు ఉద్యోగంతో బతికినా వాళ్లకు ఈ సాయం దక్కాల్సిందే. ఎవరిని ఎక్కడ ఆపేస్తున్నామో ఆ రోజు ఎవరికీ తెలియదు, అంతే నేను చెప్పేది.

ఇక రెండో ఉదాహరణ అమెరికాది. మీ కమిటీ పని ఎలా ఉండాలో దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో పసిఫిక్ తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్లను, లక్ష మందికి పైగా, ఇళ్ల నుంచి లేపి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టినవాళ్లు. అక్కడి కాలేజీల్లో చదువుతున్న సుమారు 2,500 మంది పిల్లలు సెమిస్టర్ మధ్యలో పుస్తకాలు మూసి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ మే 29న షికాగోలో విద్యాసంస్థల వాళ్లు, క్వేకర్లు అనే శాంతివాద క్రైస్తవ శాఖ వాళ్లు, ఇతర చర్చిల వాళ్లు కలిసి ఒక జాతీయ మండలి పెట్టుకున్నారు. శిబిరాల నుంచి ఈ పిల్లల్ని బయటకు తీసి దేశం లోపలి భాగాల్లో, తూర్పున ఉన్న కాలేజీల్లో చేర్పించడం దాని పని. ప్రభుత్వం అనుమతి ఇచ్చింది గానీ ఫీజులకు డబ్బివ్వలేదు. చర్చిలు, ఫౌండేషన్లు, కాలేజీలు, ఇందాక చెప్పిన విద్యార్థి సేవా నిధి ఆ భారం పంచుకున్నాయి. శిబిరాల్లో నెలకు 12 నుంచి 19 డాలర్ల కూలికి పనిచేసే పెద్దవాళ్లు కూడా చందాలేసుకుని స్కాలర్‌షిప్ నిధులు పెట్టారు. నాకు ఆ మండలి మీద గౌరవం కలగడానికి కారణం వాళ్లు పోగుచేసిన డబ్బు ఒక్కటే కాదు. ఒక్కో విద్యార్థికీ విడిగా ఫైలు పెట్టారు. ఏం చదివాడు, ఎంత ఉంది, ఎంత కావాలి, ఏ కాలేజీ తీసుకుంటుంది, ఆ ఊరివాళ్లు రానిస్తారా, భద్రతా అనుమతి ఎక్కడ ఆగింది, ఇవన్నీ వెంటపడి చూశారు. 1946లో మూతపడే నాటికి 4,000 మందికి పైగా విద్యార్థులు 600 దాటిన కాలేజీల్లో చేరారు.

మీరూ అలాగే మొదలుపెట్టండి. ఒక్కో అబ్బాయితో విడిగా కూర్చుని, అతను చెప్పడానికి ఇష్టపడినంతే రాసుకోండి. ఇంకా ఎన్ని సెమిస్టర్లున్నాయి, బకాయి ఎంత, తర్వాతి గడువు ఎప్పుడు, వీసా ఎప్పటిదాకా, పాస్‌పోర్ట్ ఎప్పటిదాకా, ఆరోగ్యం ఎలా ఉంది, మందులేమైనా వాడుతున్నాడా. ఒక్క పేజీ చాలు. ఇద్దరి అవసరాలూ ఒకేలా ఉండవు కాబట్టే చెరి సగం వద్దన్నాను.

ఆ పేజీ పూర్తయ్యాక మొదటి రూపాయి ఫీజుకు వెళ్లాలి, తిండికి కాదు. ఇది విని మీకు ఇబ్బంది అనిపించవచ్చు. కారణం చెబుతాను. ఒక విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల పనులు దగ్గర్నుంచి చూసిన అనుభవంతో అంటున్నాను. తిండి మీ హాస్టల్ ఎలాగోలా పెట్టగలదు. ఫీజు బాకీ పడితే మాత్రం కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్ దగ్గర పేచీ పెడుతుంది. అది లేకపోతే విదేశీయుల నమోదు, వీసాలు చూసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ కార్యాలయంలో వీసా పొడిగింపు ఆగుతుంది. వీసా గడువు దాటితే జరిమానా, ఆపైన దేశం విడిచి వెళ్లమనే ప్రమాదం. వెళ్లడానికి వాళ్లకు ఇల్లెక్కడుంది? అందుకే వీసా తేదీని మీ క్యాలెండర్‌లో రాసుకుని కనీసం రెండు నెలల ముందే కదలండి.

అయితే ఇక్కడే అసలు చిక్కు. విదేశీ విద్యార్థుల ఫీజు మన విద్యార్థుల ఫీజుకు ఎన్నో రెట్లు ఉంటుంది. మీ లక్షా చిల్లర అక్కడ ఒక్క సెమిస్టర్‌కు కూడా చాలకపోవచ్చు. కాబట్టి డబ్బు కంటే ముందు ఒక అర్జీ కావాలి. హెచ్ఓడీ గారి సంతకంతో, ఇద్దరి అర్జీలు జతచేసి, రిజిస్ట్రార్ గారికి, విదేశీ విద్యార్థుల కార్యాలయానికి ఇవ్వండి. మూడు విషయాలు అడగండి. బకాయి వాయిదాల్లో కట్టనివ్వమని, ఆలస్య రుసుము తీసేయమని, బకాయి పేరుతో హాల్‌టికెట్, బోనఫైడ్ ఆపవద్దని. నాలుగోది అడగడానికి మొహమాటపడకండి: ఈ యుద్ధం ఉన్నన్నాళ్లు స్థానిక ఫీజు వర్తింపజేయమని. ఉక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు 2022లో బ్రిటన్ తన ప్రత్యేక పథకాల కింద వచ్చిన ఉక్రెయిన్ విద్యార్థులకు స్థానిక ఫీజు హోదా ఇచ్చింది. మన దేశంలోనూ ఇలాంటి పెద్దమనసు చూపిన సందర్భం ఉంది. 1947 విభజనలో లాహోర్ నుంచి అన్నీ వదిలేసి వచ్చిన విద్యార్థుల కోసం తూర్పు పంజాబ్ విశ్వవిద్యాలయం ఢిల్లీలో క్యాంప్ కాలేజీ పెట్టింది. పగలు ఎక్కడో పనిచేసుకుని పొట్టపోసుకునే పిల్లల కోసం సాయంత్రం తరగతులు నడిపింది. విశ్వవిద్యాలయం తన టైమ్‌టేబుల్‌ను కొంచెం వంచితే వాళ్లకు అదే పెద్ద సాయమైంది. అధికారి ఒక్క సంతకంతో తగ్గించగలిగిన భారాన్ని మీరు ఏడాది పాటు చందాలెత్తి మోయాల్సిన పనిలేదు.

అర్జీకి ఒక ఫొటోకాపీ పెట్టుకోండి. ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి.

పని చేసుకుని చదువుకోవచ్చు కదా అని మీలో ఎవరో ఒకరు అనే ఉంటారు. 1920ల యూరప్‌లో, యుద్ధకాలపు చైనాలో ఆ పద్ధతి బాగానే నడిచింది, దానివల్ల విద్యార్థులకు గౌరవం మిగిలింది. ఇక్కడ కుదరదు. మన దేశంలో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం చేసే అనుమతి ఉండదు. కాల్ సెంటర్ అనీ, డెలివరీ అనీ ఎవరో ఆశపెడితే వాళ్లు వెళ్లి ఇరుక్కుంటారు. మీ స్నేహితులకు ఈ మాట స్పష్టంగా చెప్పండి. ఆకలి తీర్చబోయి వీసా పోగొట్టే సలహా ఎవరూ ఇవ్వకూడదు.

ఇప్పుడు తిండి లెక్క. ఇద్దరికీ మెస్ బిల్లు కలిపి నెలకు 7,000. మీ హాస్టల్‌లో 240 మంది. మనిషికి నెలకు 30 రూపాయలు వేసుకుంటే 7,200. నెలకు రెండు మూడు టీలు తగ్గించుకున్నా సరిపోతుంది. బలవంతం వద్దు, ఇవ్వలేనివాళ్లను అడగనే వద్దు. జనరల్ బాడీ పెట్టి, చేతులెత్తించి, ఎవరికి ఇష్టమైతే వాళ్ల మెస్ బిల్లులో కలిపేలా తీర్మానం చేయించండి. ఈ పద్ధతి నేను ఊహించి చెప్పింది కాదు. వియన్నా కోసం పుట్టిన ఆ సంస్థే 1950లో వరల్డ్ యూనివర్సిటీ సర్వీస్ అయింది. దాని కెనడా శాఖ 1978 నుంచి శరణార్థి విద్యార్థుల్ని కెనడా కాలేజీలకు తెచ్చి చదివిస్తోంది. చాలా కాలేజీల్లో విద్యార్థులు ఓటు వేసి, తమ ఫీజులో మనిషికి కొన్ని డాలర్లు ఈ పనికే కేటాయించుకుంటారు. అలా వచ్చినవాళ్లు 2,000 దాటారు. కెన్యాలోని శరణార్థి శిబిరాల నుంచి వచ్చిన సోమాలీ, సూడాన్ పిల్లలు వాళ్లలో ఎంతోమంది. ఒకసారి ఓటుతో నిర్ణయమయ్యాక ఆ డబ్బు ఏటా వస్తుంది. టీవీలో యుద్ధం వార్త ఉన్నా లేకపోయినా వస్తుంది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇదే.

మీకు ఇది ఇంకో కారణం వల్ల కూడా ముఖ్యం. మీది రెండో సంవత్సరం. కొన్ని నెలల్లో మీరు వెళ్లిపోతారు, వాళ్లిద్దరూ ఇక్కడే ఉంటారు. కమిటీలో ఇప్పుడే ఇద్దరు మొదటి సంవత్సరం పిల్లల్ని, ఒక లెక్చరర్‌ను, సూడాన్ విద్యార్థుల్లో ఒకరిని చేర్చండి. సాయం అందుకుంటున్న ఈ ఇద్దరే కాకుండా నగరంలో ఉన్న వాళ్ల సీనియర్ ఎవరైనా అయితే ఇంకా మంచిది. టోలీచౌకి చుట్టుపక్కల ఎన్నో ఏళ్లుగా వాళ్లున్నారు, ఎవరికి ఏం కావాలో మనకంటే వాళ్లకే తెలుసు. ఒక జాగ్రత్త. అక్కడ జరుగుతున్నది అంతర్యుద్ధం. రాజధాని ఖార్టూమ్ పిల్లవాడు ఒక పక్షమని, పడమటి ప్రాంతం డార్‌ఫుర్ పిల్లవాడు ఇంకో పక్షమని ఎవరూ ఊహాగానాలు చేయకూడదు. మీ కమిటీ ఆ ప్రశ్న అడగకూడదు, నోట్‌బుక్‌లో రాయకూడదు.

టోలీచౌకిలో ఉన్న అబ్బాయిని వార్డెన్ గారితో మాట్లాడి హాస్టల్‌లో గెస్ట్‌గా రాయించండి. అద్దె అనే ఖర్చే పోతుంది.

డబ్బు దారి గురించి. ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకు, విద్యార్థి పేరు మీద రసీదుతో కట్టండి. మెస్ బిల్లు మెస్‌కే. చేతి ఖర్చులకు, బస్సు పాస్‌కు, ఫోన్ రీఛార్జికి మాత్రం నెలకు కొంత వాళ్ల బ్యాంకు ఖాతాలో వేయండి. దానికి లెక్క అడగకండి. బంధువులు కానివాళ్ల నుంచి ఒకరికి ఏడాదిలో వచ్చిన కానుకలు 50,000 దాటితే ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తాయి, చెరి 59,000 ఇవ్వవద్దనడానికి అదీ ఒక కారణం. మిగతా సొమ్ము ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలో ఉండాలి, ఒక్కరి ఫోన్‌పేలో కాదు. నెలకోసారి లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి, అందులో మొత్తాలు చాలు, పేర్లు వద్దు.

అమెరికా సీనియర్ల మాట. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని మీ కమిటీ ఆ డబ్బు ముట్టుకోకూడదు. వాళ్లను వద్దనకండి. నేరుగా ఫీజు కట్టే వీలుందేమో కాలేజీ ఫైనాన్స్ ఆఫీసర్‌ను అడిగి, ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో సరిచూసుకుని అప్పుడు చెప్పండి. అంతవరకు ఆగమనండి.

ఇక మన దగ్గరే పేద పిల్లలు ఉండగా వీళ్లకెందుకన్న ప్రశ్న. ఆ మాట అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వల్ల సర్టిఫికెట్లు చేతికి రాక తిరుగుతున్న పిల్లలు మన మధ్య ఉన్నారు, వాళ్ల బాధ నిజం. కానీ తేడా కూడా నిజమే. మన పిల్లవాడికి ఆలస్యంగానైనా ఒక స్కాలర్‌షిప్ ఉంది, విద్యారుణం ఉంది, సెలవుల్లో పనిచేసే హక్కు ఉంది, చివరికి బస్సెక్కితే వెళ్లడానికి ఊరుంది. ఈ ఇద్దరికీ వీటిలో ఒక్కటీ లేదు. 1938లో మనమే పరాయి పాలనలో, దరిద్రంలో ఉన్నాం. అయినా చైనా కోసం చందాలెత్తి, డాక్టర్ కోట్నీస్‌తో సహా అయిదుగురు వైద్యుల్ని పంపాం. 1942లో బర్మా మీద బాంబులు పడ్డప్పుడు రంగూన్ నుంచి అడవుల గుండా నడిచి వచ్చినవాళ్లలో ఎంతోమంది తెలుగువాళ్లు, దారిలో ఎవరో పెట్టిన అన్నం తిని బతికినవాళ్లు. 2022లో ఉక్రెయిన్ నుంచి మన మెడికల్ విద్యార్థులు వచ్చినప్పుడు వాళ్ల తల్లిదండ్రులు ఎక్కని గుమ్మం లేదు. యుద్ధం ఎవరి పిల్లల చదువు ఎప్పుడు లాక్కుంటుందో చెప్పలేం. శరణార్థి యువతలో పైచదువుల దాకా వచ్చినవాళ్లు 2023 నాటి ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 7 శాతమే. ఆ కొద్దిమందిలో ఉండదగ్గ ఇద్దరు మీ తరగతి గదిలో ఉన్నారు.

వాదన పెట్టుకునే బదులు నిధి నియమాన్నే అందరికీ వర్తించేలా రాయండి. చైనా వాళ్లు పెట్టుకున్న అర్హతనే తీసుకోండి: ఇంటి నుంచి వచ్చే ఆధారం హఠాత్తుగా తెగిపోయిన ఏ విద్యార్థికైనా. రేపు మీ హాస్టల్‌లో ఒక ఆదిలాబాద్ పిల్లవాడి నాన్న పోయి మెస్ బిల్లు కట్టలేకపోతే, అతనికీ ఇదే నిధి. అప్పుడు ఆ ప్రశ్న అడిగినవాళ్లే కమిటీలో పనిచేస్తారు.

స్టేజీ మీద చెక్కు ఎందుకు వద్దన్నానో చెప్పలేదు కదూ. ఆ ఫొటో వాట్సాప్‌లో తిరుగుతూ ఈజిప్టులో ఉన్న వాళ్లమ్మ దాకా చేరుతుంది. కొడుకు అక్కడ చందాల మీద బతుకుతున్నాడని ఆమెకు తెలియాల్సింది అలాగా? పైగా రేపు క్లాసులో అతను మీతో వాదించాలన్నా, కమిటీ తప్పు చేసిందని చెప్పాలన్నా ఆ స్టేజీ గుర్తొచ్చి నోరు పెగలదు. చందాలు పెరగడానికి మొహాలు చూపించనక్కర్లేదు, లెక్కలు సరిగ్గా చూపిస్తే చాలు.

‘అప్పుగా ఇవ్వండి, తర్వాత తీరుస్తాం’ అని వాళ్లే అనవచ్చు. అభిమానం ఉన్న పిల్లలు అలాగే అంటారు. కాగితం రాయించుకోకండి. నేను చెప్పిన జపాన్ సంతతి విద్యార్థులు ఎవరికీ బాకీ లేరు. అయినా వాళ్లలో కొందరు 1980లో తమకు అందిన సాయం గుర్తుపెట్టుకుని ఒక నిధి పెట్టారు. వియత్నాం, కంబోడియా, లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన పిల్లలకు ఆ స్కాలర్‌షిప్‌లు ఇచ్చారు. మీ స్నేహితులు అడిగితే ఈ సంగతి చెప్పండి, తీర్చాలనుకుంటే అలా తీర్చవచ్చని.

ఈ వారంలో చేయాల్సినవి రెండే. ఇద్దరి పాస్‌పోర్ట్, వీసా తేదీలు చూడండి. రిజిస్ట్రార్ గారి అపాయింట్‌మెంట్ తీసుకోండి, వెళ్లేటప్పుడు హెచ్ఓడీ గారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. వాళ్లేమన్నారో నాకు రాయండి, అర్జీ తిరగ్గొడితే పైన ఎవరికి రాయాలో అప్పుడు చెబుతాను.